మెక్‌షేన్ బైబిలు పఠన పట్టిక: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతారు

డిసెంబరు చివరి వారంలో సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో బైబిలు పఠన పట్టికల పీడీఎఫ్‌లు తిరగడం మొదలవుతుంది. వాటిలో జనవరి 1 కి ఎదురుగా ఆదికాండము 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1 అని ఉన్నది కనిపిస్తే అది మెక్‌షేన్ పట్టిక. పైన ఆ పేరు ఉన్నా లేకపోయినా అదే. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో సెయింట్ పీటర్స్ సంఘ కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ దీన్ని 1842 డిసెంబరులో తన సంఘం కోసం తయారుచేశాడు. మూడు నెలలు తిరగకుండానే, 1843 మార్చి 25 న, జ్వరంతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 29. పట్టిక మాత్రం 180 ఏళ్లు దాటినా వాడుకలోనే ఉంది. ఖర్చు ఏమీ లేదు, ఎవరైనా ముద్రించుకోవచ్చు, బైబిలు యాప్‌లలోనూ దొరుకుతుంది.

సంగతి ముందే చెప్పేస్తాం. పట్టిక గట్టిది. కానీ ఇప్పుడు మన చేతికి వచ్చేది సగం పట్టికే. మెక్‌షేన్ దానితో పాటు వాడే విధానమూ, హెచ్చరికలూ రాసి ఇచ్చాడు. కాపీ మీద కాపీ తీసే క్రమంలో అవి రాలిపోయి తేదీలూ అధ్యాయాల అంకెలూ మిగిలాయి. "ఏడాదిలో బైబిలు పూర్తి చేశాం గానీ మనిషిలో మార్పేమీ లేదు" అనే మాట వినిపించేది చాలావరకు ఈ సగం పట్టిక వాడినవాళ్ల దగ్గరే.

నిర్మాణం

నాలుగు వరుసలు. మొదటి రెండు కుటుంబ ప్రార్థనకు, చివరి రెండు ఏకాంత ప్రార్థనకు. ఈ శీర్షికలు ఉన్న కాపీనే వెతికి తీసుకోవాలి. కుటుంబ వరుసల్లో ఆదికాండము నుంచి రెండవ దినవృత్తాంతముల వరకు 403 అధ్యాయాలు, వాటి పక్కన సువార్తలు, కీర్తనలు, ఆ తరువాత అపొస్తలుల కార్యముల నుంచి ప్రకటన వరకు నడుస్తాయి. ఏకాంత వరుసల్లో ఎజ్రా నుంచి మలాకీ వరకు, కీర్తనలు కాకుండా, 376 అధ్యాయాలు. వాటి పక్కన క్రొత్త నిబంధన, కీర్తనలు మరోసారి. అంటే ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. మొత్తం 1,599 అధ్యాయాలు, రోజుకు సగటున 4.4. లూకా 1 లాంటి పొడుగు అధ్యాయాన్ని రెండు రోజులకు, 119వ కీర్తనను కొన్ని రోజులకు విడగొట్టాడు. చిన్న కీర్తనలను రెండేసి కలిపాడు.

ఆదికాండము నుంచి వరసగా చదివించే పట్టికతో పోలిస్తే తేడా జనవరి నాలుగో వారంలోనే తెలుస్తుంది. 1,189 అధ్యాయాలను 365 రోజులకు పంచితే రోజుకు 3.26. ఆ లెక్కన జనవరి 23 ప్రాంతంలో నిర్గమకాండము 25 వస్తుంది. అక్కణ్నుంచి ఫిబ్రవరి 16 దాకా ప్రత్యక్షగుడారం కొలతలు, బలులు, కుష్ఠు పరీక్షలు, జనసంఖ్య. పక్కన ఒక్క సువార్త మాట ఉండదు. క్రొత్త నిబంధన అక్టోబరు రెండో వారానికి గానీ రాదు. చాలామంది బైబిళ్లలో గుర్తుగా పెట్టిన రిబ్బన్ లేవీయకాండములోనే ఆగిపోవడానికి కారణం భక్తి తగ్గడం ఒక్కటే కాదు, పట్టిక వేసిన తీరు కూడా. మెక్‌షేన్ పట్టికలో లేవీయకాండము మార్చి 30 న మొదలై ఏప్రిల్ 23 న ముగుస్తుంది. ఆ 25 రోజులూ పక్కన యోహాను చివరి అధ్యాయాలు, కీర్తనలు, సామెతలు, ప్రసంగి, ఫిలిప్పీయుల నుంచి తీతు వరకు పత్రికలు ఉంటాయి. పొడి నేల తగిలిన రోజున కూడా ఎక్కడో ఒకచోట నీళ్లుంటాయి.

లేవీయకాండములోకి వెళ్లేముందు ఒక చిన్న చీటీ మీద దహనబలి (1), నైవేద్యము (2), సమాధానబలి (3), పాపపరిహారార్థబలి (4), అపరాధపరిహారార్థబలి (5) అని అధ్యాయాల అంకెలతో రాసి ఆ పేజీలో పెట్టుకోండి. ఆరు, ఏడు అధ్యాయాల్లో ఇవే మళ్లీ యాజకుల కోణంలో వస్తాయి. చదివిందే చదువుతున్నామన్న విసుగు అక్కడే పుడుతుంది. చీటీ ఉంటే ఏ బలి గురించి మాట్లాడుతున్నాడో వెంటనే తెలుస్తుంది.

రాలిపోయిన సూచనలు

మెక్‌షేన్ చెప్పిన వాటిలో నాలుగు ముఖ్యమైనవి. ఇంటి పెద్ద కుటుంబ భాగాన్ని ముందే చదువుకుని, రెండు మూడు ముఖ్యమైన వచనాలకు గుర్తు పెట్టుకుని, వాటి మీద ఇంట్లోవాళ్లను సులువైన ప్రశ్నలు అడగాలి. కుటుంబంలో గట్టిగా చదవడానికి కుదరని అధ్యాయం వస్తే ఎవరికి వాళ్లు విడిగా చదువుకోమని చెప్పాలి. భోజనాల దగ్గర మాట తరచు ఆ రోజు చదివిన భాగం మీదికి మళ్లాలి. ఏకాంత పఠనం తెల్లవారకముందే జరగాలి, అందులో రెండు మూడు వచనాలు గుర్తుపెట్టుకుని వాటిలోని మాట మాట మీదా ప్రార్థన చేయాలి.

ఈ నాలుగో సూచనే పట్టికకు గుండెకాయ. చదవాల్సింది నాలుగు అధ్యాయాలు, ప్రార్థన చేయాల్సింది రెండు మూడు వచనాలు. ఇది వదిలేసి నాలుగు అధ్యాయాలూ ఒకే వేగంతో దాటేసేవాళ్లకు మధ్యాహ్నానికి ఏమీ గుర్తుండదు. "వాక్యము విని దానిని అవలంబించి ఓపికతో ఫలించువారు" అని లూకా 8:15 లో ఉన్నదానిలో వినడం మొదటి మెట్టు మాత్రమే.

రెండో సూచన పిల్లలున్న ఇళ్లలో తప్పనిసరి. లేవీయకాండము 15, 18 కుటుంబ వరుసలో వస్తాయి. ఆగస్టు 5 న న్యాయాధిపతులు 19 వస్తుంది, దాన్ని సండే స్కూల్ వయసు పిల్లల ముందు గట్టిగా చదవక్కర్లేదు. ఏప్రిల్ 30 న సంఖ్యాకాండము 7, మొత్తం 89 వచనాలు. పన్నెండు మంది ప్రధానులు పన్నెండు రోజులు ఒకే రకం అర్పణ తెస్తారు: వెండి గిన్నె, వెండి ప్రోక్షణపాత్ర, బంగారు ధూపార్తి, ఆ తరువాత పశువులు. మొదటి రోజు అర్పణను పూర్తిగా చదివి, మిగతా పదకొండు రోజులకు తెచ్చినవాడి పేరు, గోత్రం మాత్రం పిల్లలతో చదివిస్తే సరిపోతుంది. చివరి వచనం మాత్రం వదలొద్దు. అంత జాబితా తరువాత కరుణాపీఠం మీదనుంచి దేవుని స్వరం మోషేకు వినిపించేది అక్కడే.

ఒక రోజు ఎలా ఉంటుంది

మార్చి 25 తీసుకోండి. నిర్గమకాండము 36, యోహాను 15, సామెతలు 12, ఎఫెసీయులకు 5. (మెక్‌షేన్ కన్నుమూసిన తేదీకి ఆయన పట్టికలో యోహాను 15 ఉండటం కాకతాళీయమే.)

తెల్లవారుజామున ఏకాంత భాగం: సామెతలు 12, ఎఫెసీయులకు 5. నెమ్మదిగా చదివినా పది పన్నెండు నిమిషాలు. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడానికి సామెతలు 12:12 లో నీతిమంతుల వేరు చిగురించడం ఉంది, 14 లో నోటి ఫలం ఉంది. ఎఫెసీయులకు 5:9 లో వెలుగు ఫలం మంచితనము, నీతి, సత్యము అని ఉంది. ఇక అయిదు నుంచి ఏడు నిమిషాలు ఈ మూడింటి మీదే. ప్రార్థన నిర్దిష్టంగా ఉండాలి: నిన్న నా నోటి ఫలం ఎవరికి అందింది, ఆఫీసులో ఇవాళ ఏ లెక్కలో సత్యం చెప్పాలి. "ప్రభువా, నన్ను ఫలింపజేయుము" అని ఊరుకుంటే వచనం దాని పని చేయదు.

రాత్రి కుటుంబ భాగం. యోహాను 15 ను ఇంట్లోవాళ్లు వంతులవారీగా చదవాలి. ప్రశ్నలు రెండే చాలు. రెండో వచనంలో కత్తి ఏ తీగెల మీద పడుతుంది? ఫలించని తీగెను తీసి పారవేస్తాడు, ఫలించే తీగెలో పనికిరానివి తీసివేస్తాడు. అంటే ఫలిస్తున్న తీగె కూడా కత్తిని తప్పించుకోదు. కష్టం వస్తే ఎక్కడో పాపం ఉందని తేల్చేసే అలవాటున్న ఇళ్లలో ఈ ఒక్క ప్రశ్న మీదే పది నిమిషాలు గడుస్తాయి. రెండో ప్రశ్న: అయిదో వచనం ప్రకారం తీగె చేయాల్సిన పని ఏమిటి? నిలిచియుండటం. నిర్గమకాండము 36 లో 5 నుంచి 7 వరకు వచనాలు గట్టిగా చదివి మిగతాది విడిగా చదువుకోవచ్చు. గుడారం పనికి జనం తెచ్చింది ఎక్కువైపోయి మోషే ఇక తేవద్దని పాళెములో చాటించాడు. కానుకల ప్రకటనలు ఎక్కువగా వినే మన సంఘాల్లో దీన్ని కూడా ఓసారి వినిపించవచ్చు.

నాలుగు భాగాలూ ప్రతిరోజూ ఇలా ఒకదానితో ఒకటి పలకవు. బలవంతంగా పలికించే ప్రయత్నం వద్దు. కుదరని రోజున ఒక్క భాగం పట్టుకోండి.

సమయం, బైబిలు ఎంపిక

నాలుగు అధ్యాయాలు మౌనంగా చదవడానికి మామూలు వేగంలో 20 నుంచి 30 నిమిషాలు. కుటుంబంలో గట్టిగా చదివితే ఇంకా పడుతుంది. బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం సంఘంలో చదివేదే కాబట్టి కంఠస్థానికి, కుటుంబ ప్రార్థనకు అదే నయం. ప్రవక్తల గ్రంథాల్లో మాత్రం వాక్యాలు పొడుగు, మాటలు పాతవి. ఏకాంత భాగంలో యిర్మీయా, యెహెజ్కేలు చదివేటప్పుడు వాడుక భాషలో ఉన్న అనువాదం పక్కన పెట్టుకోవడం తప్పేమీ కాదు. పెద్దవాళ్లకు పెద్ద అక్షరాల ప్రతి కొనండి. కళ్లు లాగడం వల్ల ఆగిపోయిన పఠనాన్ని బద్ధకం అనుకునేవాళ్లున్నారు.

ఎక్కడ తెగుతుంది

మొదటిది, తప్పిన రోజులు. పట్టికలో సెలవు లేదు. పెళ్లికో పంటపనికో నాలుగు రోజులు పోతే 17 అధ్యాయాలు బాకీ పడతాయి. శనివారం రాత్రి కూర్చుని అన్నీ చదివేయాలని చూస్తారు, కుదరదు, సిగ్గుపడి మొత్తం మానేస్తారు. సరైన పద్ధతి: బాకీ తీర్చకండి, ఇవాళ్టి తేదీ దగ్గర మొదలుపెట్టండి. తప్పినవాటిలో క్రొత్త నిబంధన, కీర్తనలు ఏడాదిలో రెండేసి సార్లు వస్తాయి కాబట్టి ఇంకో విడత ఉండనే ఉంటుంది. పోయేది పాత నిబంధన భాగం ఒక్కటే. దాన్ని గళ్లలో ఖాళీగా వదిలి, ఆదివారం మధ్యాహ్నాల్లో ఒక్కో అధ్యాయం చదువుకోవచ్చు. యాప్‌లో చదివేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. వరుసగా ఇన్ని రోజులు అని చూపించే అంకె పోకూడదని రాత్రి 11:50 కి తెరిచి టిక్కు పెట్టి మూసేస్తారు. ఆ అంకె మీద మనసు పడితే యాప్ మాని కాగితం పట్టుకోండి.

రెండోది, పత్రికల వాదం ముక్కలవడం. రోమా పత్రికలో పౌలు చేసే వాదం రోజుకో అధ్యాయం చొప్పున, మధ్యలో మూడు వేరే పుస్తకాలతో చదివితే చేతికి అందదు. ఇది పట్టికలో నిజమైన లోపం. పత్రిక మొదలయ్యే వారంలో ఆదివారం నాడు దాన్ని ఒకే బిగిన చదివేయండి. ఫిలిప్పీయులకు పత్రిక పావుగంట, రోమా పత్రిక గంటకు కాస్త అటూ ఇటూ.

మూడోది, జూలై నుంచి అక్టోబరు. యిర్మీయా జూలై 5 న మొదలవుతుంది. విలాపవాక్యములు, యెహెజ్కేలు ముగిసేసరికి అక్టోబరు మధ్యకు వస్తాం. ఏకాంత వరుసలో మూడు నెలలకు పైగా తీర్పు, బబులోను చెర. లేవీయకాండము దాటినవాళ్లు ఆగేది ఇక్కడే. నవంబరులో మొదటి దినవృత్తాంతముల వంశావళులు ఉన్నా, రెండేసి అధ్యాయాలు కలిపి ఇచ్చాడు కాబట్టి త్వరగానే గడుస్తాయి.

కానీ ఈ యిర్మీయా మాసాల్లోనే పట్టిక అన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. మన దగ్గర జనవరి 1 న కొత్త ఏడాదికి వాగ్దానంగా తీసుకునే వచనాల్లో యిర్మీయా 29:11 కి (దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న మాట) ఉన్నంత గిరాకీ తక్కువ వచనాలకు ఉంటుంది. గోడకు తగిలించిన క్యాలెండరు మీద ఆ ఒక్క వచనమే ఉంటుంది. పట్టిక ప్రకారం చదివేవాడికి అది ఆగస్టు 2 న వస్తుంది, చుట్టూ ఉన్నదానితో సహా. ముందు రోజు, ఆగస్టు 1 న, 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు. అది అబద్ధమని ఆ అధ్యాయంలోనే తేలింది. మర్నాడు 29:10 లో దేవుడు చెప్పిన గడువు 70 ఏళ్లు. అయిదో వచనంలో ఆ చెరలోనే ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటి వాటి ఫలములు అనుభవించమని ఆజ్ఞ. ఏడో వచనంలో తమను చెరపట్టిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థన చేయమని మరో ఆజ్ఞ. ఉద్యోగం రాలేదు, వీసా రాలేదు, సంవత్సరం ముగిసిపోతోంది, వాగ్దానం ఏమైంది అని కుంగిపోయే విశ్వాసికి ఈ రెండు రోజుల పఠనం ఇచ్చే ఓర్పు క్యాలెండరు మీది వచనం ఇవ్వలేదు.

వేరే పట్టికల మాట

ఉద్యోగం చేసుకునేవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు మా సలహా ఇదే పట్టికను రెండేళ్లకు సాగదీయడం. మొదటి ఏడాది కుటుంబ వరుసలు రెండు, రెండో ఏడాది ఏకాంత వరుసలు రెండు. రోజుకు సుమారు 2.2 అధ్యాయాలు. పాత నిబంధన రెండేళ్లకు ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు ఏటా ఒకసారి పూర్తవుతాయి. గుర్తుపెట్టిన వచనాల మీద ఆగడానికి నిజంగా సమయం దొరికేది ఈ వేగంలోనే. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు ఇది కూడా ఎక్కువే. వాళ్లను మార్కు, అపొస్తలుల కార్యములు, రోజుకో కీర్తన దగ్గర మొదలుపెట్టించండి.

రోజుకు పది జాబితాల నుంచి పది అధ్యాయాలు చదివించే గ్రాంట్ హార్నర్ పద్ధతి ఇంకొకటి ఉంది. సామెతలు 31 రోజులకోసారి, అపొస్తలుల కార్యములు 28 రోజులకోసారి తిరిగి వస్తాయి. జాబితాల పొడవులు వేర్వేరు కాబట్టి ఏ రెండు రోజుల కలయికా ఒకేలా ఉండదు. గ్రంథం మొత్తం మీద పట్టు రావడానికి బాగుంటుంది, గంటకు దగ్గరగా సమయం కావాలి. వేదాంత కళాశాల విద్యార్థులకు, బోధించేవాళ్లకు సరే. మిగతావాళ్లకు వద్దు.

ఆయన చెప్పిన నాలుగు ప్రమాదాలు

పట్టిక ఇచ్చిన మనిషే దాని ప్రమాదాలు ముందు చెప్పాడు: చదవడం ఆచారంగా మారడం, చదివానన్న స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, మోయలేని కాడిగా తోచడం. ఈ నాలుగింటినీ కాపీ వెనక పేజీలో రాసుకుని నెలాఖరున ఒకసారి చూసుకోవచ్చు. రెండోది తనకు తానుగా కనిపించదు, భార్యనో భర్తనో అడగాలి. గలతీయులకు 5:22-23 లోని తొమ్మిది మాటల్లో దీర్ఘశాంతము, సాత్వికము ఇంట్లో పెరిగాయా లేదా అన్నది టిక్కుల వల్ల తెలియదు, వంటింట్లో ఉన్న మనిషికి తెలుస్తుంది. నాలుగోది కనిపిస్తే సంకోచం లేకుండా రెండేళ్ల పద్ధతికి మారిపోండి.

సంఘ కాపరులకు ఒక మాట. అందరూ ఒకే భాగం చదువుతుంటే మంద ఎక్కడ మేస్తోందో కాపరికి తెలుస్తుందని మెక్‌షేన్ దీన్ని ఒక లాభంగా లెక్కించాడు. పట్టిక పంచి, ప్రసంగాలు మాత్రం దానితో సంబంధం లేకుండా చెప్తే ఆ లాభం పోతుంది. నెలకు ఒక్క ఆదివారమైనా ఆ వారం భాగంలోంచి బోధించండి, ఇళ్లలో జరిగే కాటేజ్ మీటింగుల్లో గుర్తుపెట్టిన వచనాలు చెప్పించండి.

మొదలుపెట్టడానికి జనవరి 1 దాకా ఆగక్కర్లేదు, ఇవాళ్టి తేదీ దగ్గర మొదలుపెట్టి మళ్లీ అదే తేదీకి వస్తే చుట్టు పూర్తయినట్టే. ఏ4 కాగితానికి రెండు వైపులా అచ్చు వేసి, మడిచి బైబిల్లో పెట్టుకోండి. పలచని కాగితం మీద పెన్ను సిరా అవతలికి దిగుతుంది కాబట్టి గుర్తులకు పెన్సిలే వాడండి. ఫిబ్రవరి 29 కి పట్టికలో భాగం లేదు, ఖాళీ గళ్లు ఉన్నవాళ్లు ఆ రోజు వాడుకోవచ్చు. పిల్లలు విదేశాల్లో ఉండి వీడియో కాల్‌లో కుటుంబ ప్రార్థన చేసుకునేవాళ్లు ఏ దేశపు తేదీ పాటించాలో ముందే అనుకోండి. డల్లాస్‌లో శుక్రవారం రాత్రి అయ్యేసరికి గుంటూరులో శనివారం ఉదయం. ఇండియా తేదీ పెట్టుకుంటే అక్కడివాళ్లు తమ క్యాలెండరు కంటే ఒక రోజు ముందు భాగం చదవాలి, లేకపోతే కాల్ కలిసేసరికి చెరొక అధ్యాయం తెరిచి కూర్చుంటారు.